మావయ్య అడిగిన పాతఫోటో

దారికి అడ్డంగా ఒక లారీ పక్కకి ఒరిగి పడుకుంది. మా బస్సు దాని ముందు ఆగిపోయింది. మా వెనక కనుచూపు మేర బండ్లే. ఇలాంటప్పుడు జనం రెండు జట్లవుతారు. ఒక జట్టు కిందికి దిగి, ఆ లారీ ఎందుకు పడిందో, తాము నడిపితే ఎలా పడేది కాదో తేల్చుకుంటూ ఉంటుంది. రెండో జట్టు సీట్లలోనే కూర్చుని, ఇదంతా డ్రైవరు పన్నిన కుట్ర అన్నట్టు అతని వీపుకేసి చూస్తూ ఉంటుంది. ఆ రోజు ఏ జట్టులోనూ చేరని మనిషి ఒకామె కనిపించింది. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో ఫోను, కాలుగాలిన పిల్లిలా బస్సుకీ లారీకీ మధ్య తిరుగుతోంది. ఫోను చెవికి ఆనించుకోవడం, తీసి దానికేసి చూడటం, మళ్ళీ ఆనించుకోవడం.

ఎవరూ ఎత్తటం లేదా అమ్మా అని అడిగాను.

"మా అత్త పెద్దాయనా. ఆవిడకి ఫోను మాట్లాడే వస్తువు కాదు, వెతుక్కునే వస్తువు," అంది. మాటలో నవ్వుంది గానీ మొహంలో లేదు.

లారీకి అవతల ఆగినవాళ్ళు కూడా మనలాంటివాళ్ళే, వాళ్ళు విసిగి వెనక్కి తిప్పుకుంటారు, నడిచి అటుపక్కకి పోతే ఏదో ఒక బండి దొరుకుతుంది అన్నాను. దారులు పట్టుకు తిరిగినవాడికి అబ్బే తెలివి ఆ మాత్రమే. నేను మాట పూర్తిచేసేలోగా ఆమె గట్టు దిగి నడుస్తోంది. నాకు ఫలానా చోట ఫలానా వేళకి ఉండాల్సిన పని ఏనాడూ లేదు కనక, సంచి భుజానికి తగిలించుకుని నేనూ వెనక నడిచాను. కూరగాయలు దించేసి ఖాళీగా తిరిగిపోతున్న వ్యాను ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది. డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం.

ఏం పని చేస్తావమ్మా అంటే, "కొత్తవాటిని పాత చేస్తాను," అంది.

ఫోటోల సంగతి. జనం ఫోనులో తీసుకున్న ఫోటో తెచ్చి, ఇది మా అమ్మ చిన్నప్పటి కాలంలో తీసినట్టుండాలి అంటారట. ఈమె కంప్యూటరు మీద కూర్చుని దాన్ని వెనక్కి నడిపిస్తుంది. ముందు రంగులు సగానికి దించుతుంది. నలుపుని నలుపుగా ఉండనివ్వదు, బూడిదలో ముంచినట్టు చేస్తుంది. తెలుపులో కాస్త పసుపు కలుపుతుంది. దాని మీద సన్నని ఇసక జల్లినట్టు రేణువులు. మూలలకి చీకటి. ఒక అంచున, కెమెరా మూత సరిగ్గా పడక వెలుగు లోపలికి చొరబడ్డట్టు ఎర్రటి చార. ఇవన్నీ పొరలు పొరలుగా పరుస్తుందట, పరుపు మీద దుప్పట్లలా; ఏ పొర వద్దనుకుంటే అది లాగెయ్యొచ్చు.

ఈ విద్య ఆమె కోరి నేర్చుకున్నది కాదు. చదువు మధ్యలో ఆగిపోయాక ఒక స్టూడియోలో పనికి కుదిరింది. అక్కడ మొదట్లో అంతా ఎదురు పని: మొటిమలు చెరపడం, మచ్చలు తుడవడం, ముసలివాళ్ళని నడివయసుకి లాక్కురావడం. జనం మొహాలకి సున్నం కొట్టీ కొట్టీ విసిగిపోయిన దశలో గాలి తిరిగింది. అందరికీ పాతదనం మీద మోజు పుట్టింది. స్టూడియో యజమాని పెద్దవయసువాడు, నిజంగానే పాత ఫోటోలు కడిగి ఆరేసిన మనిషి, ఈ పని చెయ్యనన్నాడు. మనవరాలికి ముడతలు గియ్యమంటే ఏ తాత ఒప్పుకుంటాడు అన్నాడట. అలా ఆ పని ఈమెకి దక్కింది. ఊరంతా ఈమెని 'పాతమ్మ' అంటారు. ఒక పెళ్ళికొడుకు తన ఫోటో చూసుకుని, "పాతగా చెయ్యమన్నాం గానీ ముసలిగా చెయ్యమన్నామా?" అని పోట్లాడాడట. ఇంట్లో మొగుడు మాత్రం, మన పెళ్ళిఫోటో నీ సాయం అక్కర్లేకుండా దానంతటదే పాతబడుతోంది చూడు అని ఎత్తిపొడుస్తాడట.

నేను తిరిగిన చోట్ల ఒక వడ్రంగి ఉండేవాడు. కొత్త బీరువా చేసి, దానికి సన్నని బరమాతో చెదపురుగుల కన్నాలు వేసేవాడు. కన్నాలు వరసలో ఉండకూడదు, పురుగుకి క్రమశిక్షణ ఉండదు అనేవాడు. నదులు కూడా ఇదే పని చేస్తాయి, రాళ్ళని నున్నగా అరగదీస్తాయి. కాకపోతే వాటికి తొందర లేదు. తొందరపడి పాత చేసిన వస్తువులో ఎక్కడో ఒక చోట చేసినవాడి వేలిముద్ర ఉండిపోతుంది.

అదే అన్నాను. ఆమె ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ తిరగడం.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పరాయివాళ్ళకి చెప్పుకున్నంత సులువుగా అయినవాళ్ళకి చెప్పుకోలేం, అందులోనూ బండి కదులుతున్నప్పుడు.

ఆమె చిన్నతనంలోనే తండ్రి పోతే మేనత్త పెంచింది. ఆ అత్తదీ, మావయ్యదీ దొంగచాటు పెళ్ళి. మావయ్య ఇంట్లో ఒప్పుకోరని తెలిసి, ఇద్దరు స్నేహితుల ముందు పెళ్ళాడారు. ఫోటో లేదు, ఏ ఆఫీసులోనూ కాగితం లేదు. సాక్షిగా నిలబడ్డ స్నేహితులిద్దరూ ఇప్పుడు లేరు. మావయ్య తండ్రి పోయాక, ఆయన అత్తని తీసుకొచ్చి తమ ఇంటి వెనక రెండు గదుల్లో కాపురం పెట్టాడు. ముందు భాగంలో తమ్ముడి కుటుంబం. ఆ ఇంటికి పెద్ద దిక్కు వాళ్ళ అక్కగారు. ఆవిడ మాట పడితే ఇంట్లో గోడలు కూడా కదలవు. ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అత్తని మరదలా అని పిలవలేదు. 'ఈవిడ' అనేది. మరిదికి అత్త వదిన కావాలి, అతనూ 'ఆవిడ' అనేవాడు. మావయ్య బతికున్నంతకాలం ఈవిడ, ఆవిడ అనే మాటలతోనే రోజులు గడిచిపోయాయి.

మావయ్య ఈ మధ్యే పోయాడు. మరిది మాట బయటపెట్టాడు. వండిపెట్టిన మనిషి వేరు, పెళ్ళాడిన మనిషి వేరు. ఆ పెళ్ళి చూసినవాడెవడు? వెనక గదులు ఖాళీ చెయ్యాలి అన్నాడు. అక్కగారు ఇవాళ భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి తేలుస్తానంది. అత్తకి పోవడానికి చోటు లేకపోలేదు, మేనకోడలు తీసుకుపోతుంది. కానీ ఆవిడకి కావాల్సింది చోటు కాదు. ఆయన భార్యగా ఆ ఇంట్లో ఉండటం. కాదంటే, ఇన్నేళ్ళ కాపురానికి పేరు మారిపోతుంది.

"ఫోటో లేదన్నావుగా, ఇక సాక్ష్యం ఏముంది?" అన్నాను.

"ఉంది," అంది. "అదే భయం. నేను చేసింది ఒకటుంది."

కొన్నేళ్ళ కిందట మావయ్యే షాపుకొచ్చి అడిగాడట, మా పెళ్ళికి ఫోటో లేదమ్మా, ఒకటి చేసిపెట్టు, మీ అత్త గోడకేసి చూసి నిట్టూరుస్తోంది అని. ఆయన పడుచుదనపు మొహం ఫ్యాక్టరీ గేటుపాసు మీద దొరికింది. అత్త మొహం బళ్ళో తీసిన గుంపు ఫోటోలో. ఆ మొహాలు అతికించడానికి ఎవరో పారేసిన పాత ఫోటోలో ఒక జంట దొరికింది. దాని కింది భాగం చిరిగిపోయింది గనక నడుం దాకానే వాడుకుంది. వెనకాల తను పని నేర్చుకున్న స్టూడియో తెర, మెట్లవరస బొమ్మ గీసినది. అప్పుడు తన చేతిలో ఉన్న పనితనమంతా దాని మీద కుమ్మరించింది. మావయ్య దాన్ని వెలుగుకి ఎత్తిపట్టి చూశాడట. "నవ్వు తీసెయ్యమ్మా, ఆ రోజు మీ అత్త భయంతో ఉంది," అన్నాడట. తీసేసింది.

అత్త మొదట్లో, బాగా చేశావే అంది. తరవాత్తరవాత ఇరుగమ్మకీ పొరుగమ్మకీ, ఇది మా పెళ్ళిఫోటో అని చూపించడం మొదలుపెట్టింది. అదీ సహజమే. కానీ ఒకనాడు, ఈ ఫోటో తీసినాయనది బట్టతల, నన్ను నవ్వమని తెగ బతిమాలాడు అంది. హాస్యమాడుతోందనుకుంది ఈమె. మావయ్య ఈమెకేసి చూసి కన్ను గీటాడు. ఈమెకి లోలోపల గర్వం కూడా కలిగింది. పనికి అంతకంటే మెప్పు ఏముంటుంది? ఆ బట్టతలాయన అలా ఉండిపోయాడు. అత్త మనసులో అతను కెమెరాతో సహా కాపురం పెట్టేశాడు.

పొద్దున్న అత్త ఫోను చేసి, ఏం దిగులు పడకే, ఫోటో ఉందిగా, వదినగారికి చూపిస్తాను అని ధైర్యం చెప్పిందట. ఈమె ఏదో అనేలోగా పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తటం లేదు.

"చూపిస్తే చూపించనీ. పెళ్ళి నిజమే కదా, ఫోటో ఏదైతేనేం?" అన్నాడు అప్పటిదాకా నోరు మెదపని డ్రైవరు.

"ఫోటో అబద్ధమని తేలితే పెళ్ళి కూడా అబద్ధమంటారు, అన్నా. తేలుతుంది. మడత ఉంది."

మడత అంటే ఇది. పాత ఫోటోకి మడత పడితే ఆ గీత వెంట పైపొర రేకులుగా లేచి తెల్లగా కనబడుతుంది. చేత్తో గీస్తే ఆ వంకర రాదు. ఈమె ఒక నిజమైన పాత ఫోటో మీది మడతని స్కాన్ చేసి దాచుకుంది. బాగా కుదిరింది కదా అని ఎవరు ఫోటో తెచ్చినా దాన్నే పరిచింది. ఊళ్ళో సగం మంది ఒకే చోట మడత పడ్డారు. ఎవరూ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడరు కనక ఇన్నాళ్ళూ గడిచింది. పనివాళ్ళు చేసే తప్పులు ఇలాంటివే. చేతకాక చేసేవి కావు, బాగా వచ్చినదాన్ని వదల్లేక చేసేవి. మరిది కూతురు నిరుడు తన ఫోటో పాతకాలపు తీరులో చేయించుకుంది, ఈమె దగ్గరే. అది వాళ్ళ ముందుగదిలో గోడకి వేలాడుతోంది. ఇవాళ అందరూ కూర్చునేది ఆ గదిలోనే.

వ్యాను మమ్మల్ని వీధి మొదట దించింది. నాలుగడుగులు వేసి ఆమె ఆగింది.

"పెద్దాయనా, మీరూ రండి. బయటివాళ్ళుంటే మా వాళ్ళ గొంతులు లేవవు."

"నేనెవరని చెప్తావమ్మా?"

"మా నాన్న స్నేహితులని."

"మీ నాన్నని నేను చూడనే లేదే."

"నేనూ సరిగ్గా చూడలేదు లెండి," అంది.

పాతవి పుట్టించడం ఆమెకి చేతి అలవాటు అయిపోయింది. కాదనలేకపోయాను.

పక్కసందులోంచి పెరటి వైపు వెళ్ళాం. అత్త కుళాయి దగ్గర గిన్నె కడుగుతోంది. సన్నగా, చిన్నగా ఉంది. తను ఎక్కడ నిలబడినా ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక పక్కకి ఒదిగి నిలబడే మనిషి. మేనకోడల్ని చూసి ఇంత ఎండలో ఎలా వచ్చావే అంది. నేనెవరో ఆమె చెప్పింది, నాన్న స్నేహితులు అని. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది.

"అన్నయ్యతో వచ్చేవారు కదూ? గుర్తొస్తున్నారు. చిక్కిపోయారు," అంది.

నిజంగానే గుర్తొచ్చినట్టు చెప్పింది. ఆ కళ్ళల్లో అబద్ధం లేదు. మేనకోడలు నాకేసి తిరిగింది. బట్టతలాయన ఎలా పుట్టాడో ఆ క్షణాన మా ఇద్దరికీ కళ్ళముందు కనబడింది.

"అత్తా, ఆ ఫోటో..." అంది ఆమె.

"కొత్త గుడ్డలో చుట్టి పెట్టానులే," అంది అత్త.

"అది కాదు. దాన్ని చూపించకు."

"ఎందుకే?"

చెప్పడానికి నోరు తెరిచింది. అది నేను చేసిందే అత్తా అంటే సరిపోతుంది. కానీ అత్త ఆమెకేసి ఎంత నమ్మకంగా చూస్తోందంటే, ఆ మాట అనడం చేతిలో గిన్నె లాక్కోవడంలా ఉంటుంది. అంతలో ముందు నుంచి మగగొంతు వినిపించింది, ఇంకా ఎంతసేపు అని. అత్త గబగబా లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన ఫోటో తీసుకుని నడిచింది. మేమూ వెనకే.

ముందుగదిలో ఫ్యాను కిర్రుమంటోంది. పేముకుర్చీలో అక్కగారు, నెరిసిన జుట్టు బిగించి దువ్వుకుని, నిటారుగా. కిటికీ దగ్గర ఆవిడ తమ్ముడు, ఆ మరిదే. సోఫా చేతి మీద అతని కూతురు. సరిగ్గా ఆ పిల్ల తల వెనక గోడ మీద ఆ పిల్ల ఫోటో, మూలల్లో చీకటి, ఒక చివర ఎర్రచార, ఎడమ భుజం మీంచి కుడి మూలకి తెల్లటి మడత. నేను దానికేసి చూడకుండా ఉండటానికి పడ్డ తంటా ఇంతా అంతా కాదు. అలవాటు కొద్దీ అత్త గుమ్మం పక్క ముక్కాలిపీట మీద కూర్చుంది. నన్ను చూసి తమ్ముడు మొహం చిట్లించాడు గానీ, ఆమె అనుకున్నట్టే గొంతు ఒక మెట్టు దించాడు.

అత్త ఫోటో విప్పి అక్కగారికి ఇచ్చింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"మా వాడే," అంది చివరికి. "ఇంత సన్నగా ఉండేవాడు అప్పట్లో."

తమ్ముడు అందుకున్నాడు. ఇన్నేళ్ళూ ఈ ఫోటో ఏ పెట్టెలో నిద్రపోయింది, నాన్న ఉన్నప్పుడు ఎందుకు లేవలేదు, నాన్న పోయినప్పుడైనా ఎందుకు లేవలేదు అని వరసపెట్టి అడిగాడు. అక్కగారు చెయ్యెత్తి అతన్ని ఆపింది. ఫోటో ఒకసారి చూడమని తమ్ముడి కూతురికిచ్చింది.

ఆ పిల్ల చూసింది. తలెత్తింది. మళ్ళీ చూసింది. తన ఫోటో తను రోజూ చూసుకునే వయసు, ఆ గీత ఏ వెంట్రుక మీంచి పోతుందో ఆ పిల్లకి తెలుసు. వెనక్కి తిరిగి గోడకేసి చూసింది. అక్కణ్ణుంచి చూపు నెమ్మదిగా వచ్చి మేనకోడలి మీద ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుకి అర్థం మేనకోడలికీ నాకే తెలుసు, మిగతావాళ్ళకి ఆ సంగతే తెలియదు. ఆ పిల్ల ఫోటో పట్టుకున్న బొటనవేలు మడత మీద పైకీ కిందకీ కదిలింది.

"పెద్దమ్మగారూ," అంది మేనకోడలు. "అది నేను చేసిన ఫోటో."

తమ్ముడు కిటికీ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు. ఆమె ఆగలేదు. గేటుపాసు, గుంపు ఫోటో, మెట్ల తెర, మావయ్య అడగడం, అన్నీ చెప్పింది. పెళ్ళి నిజమే, ఫోటోనే నాది అని రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఎవరూ వినలేదు.

"చూశావా అక్కా," అన్నాడు తమ్ముడు. అరవలేదు. అరవాల్సిన అవసరం లేకపోయింది.

అప్పుడు అత్త నవ్వింది. పిల్లలు తెలియక ఏదో అంటే పెద్దవాళ్ళు నవ్వినట్టు.

"దాని మాటలు పట్టించుకోకండి వదినగారూ. నాకు మేలు చెయ్యాలని కంగారులో ఏదో అంటోంది. ఫోటో తీసినాయన నాకు బాగా గుర్తు. బట్టతల. ఆ మెట్ల బొమ్మ ముందు నిలబెట్టాడు. కుడిపక్క నుంచి దీపం పెట్టాడు. నవ్వమన్నాడు, నాకు నవ్వు రాలేదు."

"ఆ మెట్లు నేను పనిచేసిన స్టూడియోవి అత్తా," అంది మేనకోడలు. "మీ పెళ్ళికి ఫోటో తియ్యలేదు."

"తీశాడే!"

ఎన్నో గొడవలు చూశాను, ఎన్నో మాటలు విన్నాను, ఆ ఒక్క మాట మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. అక్కగారు ముందుకు వంగి, ఫోటో సంగతి వదిలెయ్యి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పు అంది. అత్త చెప్పింది. ఆయన చొక్కా రంగు చెప్పింది, ఫోటోలో ఉన్నదే. తన చేతిలో పూలగుత్తి చెప్పింది, ఫోటోలో ఉన్నదే. ఆయన తన ఎడమపక్క నిలబడ్డాడని చెప్పింది, ఫోటోలో నిలబడ్డట్టే. ఒక్కో మాటా చెబుతుంటే మేనకోడలు ఒక్కో అడుగు దిగబడుతున్నట్టుంది. తను పరిచిన పొర కింద అసలు రోజు కనబడకుండా పోయింది. ఇది లాగెయ్యడానికి వీలున్న పొర కాదు.

"ఆవిడ చెప్పేదంతా ఫోటోనే," అన్నాడు తమ్ముడు. "ఫోటో అబద్ధమైతే ఇక చెప్పడానికి ఏముంది?"

అక్కగారు ఫోటో బల్ల మీద పెట్టింది. కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించింది. ఆవిడ లేచిందంటే మాట అయిపోయినట్టేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసని, తమ్ముడి మొహం చూస్తే నాకే అర్థమైంది.

"అత్తా," అంది మేనకోడలు, గట్టిగా, దాదాపు కసిరినట్టు. "కాళ్ళకి ఏం వేసుకున్నావ్ ఆ రోజు?"

"కాళ్ళకా?"

"కాళ్ళకే. నా ఫోటో నడుం దాకానే. కింద నేనేమీ చెయ్యలేదు. అక్కడ ఏముంది?"

అత్త బల్ల మీది ఫోటోకేసి చూసింది. అందులో సాయం దొరకలేదు. కళ్ళు దించి తన పాదాలకేసి చూసుకుంది. తమ్ముడు ఏదో అనబోయాడు, కూతురు అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమీ వేసుకోలేదు," అంది అత్త. గొంతు మారింది. ఇందాకటి ధాటి లేదు, ఏరుకుంటూ మాట్లాడుతోంది. "దారిలో ఆయన చెప్పు తెగింది. రెండూ తీసి ఎవరిదో గోడ మీద పెట్టేశారు. మీరు ఒట్టికాళ్ళతో ఉంటే పక్కన నేను చెప్పులతో ఎలా నిలబడతానని నేనూ తీసేశాను. నేల కాలిపోతోంది. నవ్వుకుంటూ పరిగెత్తాం. అక్కడ ఆయన మడమలో గాజుపెంకు దిగింది. నెత్తురు ఆగలేదు. నా రుమాలు కట్టాను. చివర నీలం దారంతో ఆకు కుట్టుకున్నాను దాని మీద. పెళ్ళైనంతసేపూ ఆయన ఒంటికాలి మీదే నిలబడ్డారు. నా భుజం పట్టుకుని. అందుకే నాకు భయం. పడిపోతారేమోనని."

అక్కగారి అరచేతులు కుర్చీ చేతుల మీద అలాగే ఉన్నాయి. ఆవిడ లేవలేదు.

"ఆడుకుంటుంటే గుచ్చుకుందన్నాడు నాతో," అంది, ఎవరితోనూ కాకుండా. "సూదితో నేనే తీశాను. పొడుస్తుంటే ఏడవకుండా నవ్వాడు వెధవ. ఆ రుమాలు ఆడదానిదని నాకప్పుడే తెలుసు. ఉతికి ఆరేశాను. ఎవరిదిరా అని అడగలేదు. అడిగితే చెప్పేవాడు."

తమ్ముడు, అక్కా, మడమకి గాజు గుచ్చుకుంటే పెళ్ళైపోతుందా అన్నాడు. ఆవిడ అతనికేసి చూడను కూడా చూడలేదు.

"మరదలా," అంది. "గొంతెండిపోయింది. మంచినీళ్ళు పట్టుకురా. ఆయనెవరో వచ్చారు, ఆయనకి కూడా."

అత్త పీట మీంచి లేచింది. ఎన్నేళ్ళకో విన్న మాట కాళ్ళకి అర్థమైంది గానీ మనసుకి ఇంకా అందినట్టు లేదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి బల్ల మీది ఫోటో తీసుకుంది.

"ఏమే," అంది మేనకోడలితో, చాలా మెల్లగా. "ఆ బట్టతలాయన లేనే లేడా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి ఆ రోజు మీ మావయ్య మొహం ఎలా ఉండేదే? ఎంత తలుచుకున్నా నాకు ఇదే వస్తోంది."

అత్త మేనకోడలికేసి చూసి, కోపం లేకుండానే, ఫోటో కొంగులో పెట్టుకుని నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. అక్కగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. మరిది కూతురు సోఫా దిగి, గోడ మీది తన ఫోటోని మేకు నుంచి తీసి, బోర్లించి బల్ల మీద పెట్టింది.

మేనకోడలు సంచి భుజానికి తగిలించుకుంది. ఎక్కడికమ్మా అన్నాను. వినబడిందో లేదో. అత్త నాకూ అక్కగారికీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి ఆమె గుమ్మం దాటేసింది. అత్త కిటికీ దగ్గరికెళ్ళి పిలిచింది, ఒకసారి పేరుతో, ఒకసారి ఒట్టి అమ్మాయ్ అని. ఆమె గేటు తీసి, వీధిలో ఎండకి కళ్ళు చిట్లించి, మేము వచ్చిన దిక్కున కాకుండా రెండో దిక్కున నడుచుకుంటూ పోయింది.